ఉప్పునీటి అక్వేరియం చికిత్సా తొట్టెలో రాగి మందు తొలగింపు: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సముద్రపు అలంకార చేపలకు సోకే తెల్లమచ్చ, వెల్వెట్ వ్యాధులకు రాగి లవణాలతో చికిత్స చేయడం చిరకాలంగా ఉన్న పద్ధతి. మందు ఎంత వేయాలనే విషయం మీద ఉన్నంత స్పష్టత, చికిత్స ముగిశాక దాన్ని ఎలా తీయాలనే విషయం మీద కనిపించదు. రాగి మూలకం కాబట్టి అది నశించదు, చోటు మాత్రమే మారుతుంది. ఈ దృష్టితో నీటి మార్పిడి, ఉత్తేజిత బొగ్గు, చిలేటింగ్ రెసిన్ అనే మూడు మార్గాల పనితీరును, వాటి పరిమితులను, పరీక్షా కిట్ చూపే ‘సున్నా’కు ఉన్న అసలు అర్థాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రాగి, మైలుతుత్తం, చికిత్సా తొట్టె, క్రిప్టోకారియాన్, అధిశోషణం, చిలేటింగ్ రెసిన్, అకశేరుకాలు.

ఉపోద్ఘాతం

తెలుగు రైతుకు మైలుతుత్తం కొత్త వస్తువు కాదు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా నిమ్మ, తమలపాకు తోటల్లో వాడతారు. మంచినీటి చెరువుల్లో నాచును అదుపు చేయడానికీ వాడతారు. అదే నీలి స్ఫటికం, అంటే కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్, సముద్రపు చేపలను గాజు తొట్టెల్లో పెంచేవారి మందుల అరలోనూ ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియానికి చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ 1955లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పట్లో ఊడినియం ప్రజాతిగా వ్యవహరించిన పరాన్నజీవుల వల్ల చేపలకు వచ్చే వ్యాధులకు కాపర్ సల్ఫేట్‌ను మందుగా వాడవచ్చునని అందులో చూపారు. ఆ తరువాత రాగి ప్రజా అక్వేరియాలకూ ఇంటి అక్వేరియాలకూ ప్రధానమైన మందుగా నిలిచింది.

ఈ చికిత్సను ప్రదర్శన తొట్టెలో చేయరు. పెంపకందారులు హాస్పిటల్ ట్యాంక్ అని పిలిచే వేరే తొట్టె ఒకటి దీనికి ఉంటుంది. అడుగున ఇసుక, లోపల రాళ్లు లేకుండా, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, ఒక హీటరు మాత్రమే ఉంచుతారు. ఆ వెలితి నిరాడంబరత కోసం కాదు. దాని వెనుక రసాయన కారణం ఉంది.

చికిత్స ముగిశాక అదే నీటిలో ఉన్న రాగిని ఏం చేయాలి? సేంద్రియ మందులు కాంతికి, బాక్టీరియాకు లోనై కాలక్రమంలో విచ్ఛిన్నమవుతాయి. రాగికి అలాంటి ముగింపు లేదు. తొట్టెలో వేసిన ప్రతి మిల్లీగ్రాము నీటిలోనో, గోడ మీదనో, ఫిల్టరులోనో, చేప కాలేయంలోనో, బయటకు పారబోసిన బకెట్‌లోనో ఉండి తీరాలి. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని తరగతి గదిలో బోధించే అధ్యాపకులకు ఇంతకన్నా చేతికందే ఉదాహరణ దొరకడం అరుదు. రాగి తొలగింపు అనే పని, నిజానికి, రాగి ఎక్కడెక్కడ ఉందో జమాఖర్చు రాసే పని.

తొలగింపు ఎందుకు అవసరం

తెల్లమచ్చ వ్యాధికి కారణమైన క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ ఒక శైలికా జీవి. 1951లో బ్రౌన్ దానికి ఆ పేరు పెట్టారు. దాని జీవితచక్రం తెలిస్తేనే రాగి ఏం చేస్తుందో, ఏం చేయలేదో అర్థమవుతుంది. చేప చర్మం, మొప్పల పైపొర కింద దూరి ఆహారం తీసుకునే దశను ట్రోఫాంట్ అంటారు. అది మూడు నుంచి ఏడు రోజులు అక్కడ ఉండి, చేపను విడిచి, తొట్టెలోని ఏదైనా ఉపరితలానికి అంటుకుని టోమాంట్ అనే కోశంగా మారుతుంది. ఆ కోశంలో కణవిభజన జరిగి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపు థెరాంట్లు అనే ఈదే జీవులు బయటికి వస్తాయి. అవి ఒకటి రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోలేకపోతే చనిపోతాయి. రాగి చంపగలిగేది ఈ థెరాంట్లనే. చర్మం కింద ఉన్నదాన్ని గాని, కోశంలో ఉన్నదాన్ని గాని చికిత్సా మోతాదులోని రాగి తాకలేదు. వెల్వెట్ వ్యాధికి కారణమైన అమైలూడినియం ఒసెల్లాటం విషయంలోనూ ఇంతే. అందులోనూ రాగికి చిక్కేది ఈదే దశ ఒక్కటే.

కాబట్టి కోశాలన్నీ విచ్చుకునే దాకా, అంటే వారాల తరబడి, రాగి గాఢతను నిలకడగా ఉంచాలి. అయాను రూపంలోని రాగి అయితే లీటరుకు సుమారు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు సరిపోతాయి. చిలేట్ చేసిన మందులలో రాగి చాలావరకు బంధింపబడి ఉంటుంది కనుక ఉత్పత్తిని బట్టి 1.5 నుంచి 2.5 మిల్లీగ్రాముల దాకా అవసరమవుతుంది.

ఇక్కడ సాధారణంగా విస్మరించే అంశం ఒకటి ఉంది. చేప రాగి నీటిలో ఉన్నంతకాలం దాని ఒంటి మీద మచ్చ కనిపించకపోవడం రోగం పోయిందనడానికి రుజువు కాదు. రోగం అణగి ఉండవచ్చు. రాగి లేని నీటిలో కనీసం రెండు వారాలు ఉంచి గమనించినప్పుడే చికిత్స ఫలించిందో లేదో తెలుస్తుంది. అంటే తొలగింపు చికిత్స తరువాత చేసే శుభ్రత పని కాదు, రోగనిర్ధారణలో చివరి మెట్టు. సగం మోతాదు రాగి మిగిలిపోయిన తొట్టెలో ఈ పరిశీలన చేస్తే దానికి విలువ ఉండదు. ఆ సగం మోతాదు పరాన్నజీవిని పూర్తిగా చంపదు, స్వేచ్ఛగా పెరగనీయదు. పెంపకందారుడు చేప కోలుకుందనుకుని దాన్ని ప్రదర్శన తొట్టెలోకి మారుస్తాడు. అక్కడ రాగి లేదు. రోగం మాత్రం చేపతో పాటు అక్కడికి చేరుతుంది.

మరో రెండు కారణాలు ప్రసిద్ధమైనవే. రాగి చేపకూ విషమే. మొప్పల్లో లవణ సమతౌల్యాన్ని కాపాడే ఎంజైములను అది దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, కాలేయంలో పేరుకుంటుంది. సొర, టేకి వంటి మృదులాస్థి చేపలకు రాగి చికిత్స చేయకూడదనేది అందుకే. ఇక అకశేరుకాల సంగతి వేరు. రొయ్య, పీత, నత్త, పగడపు జీవి, సముద్రపు అర్చిన్ చేప తట్టుకునే మోతాదులో చిన్న భాగానికే చనిపోతాయి. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్ అనే ప్రోటీన్ రాగితోనే తయారైంది. తన రక్తానికి ఆధారమైన లోహమే నీటిలో కొంచెం ఎక్కువైతే దాని ప్రాణం తీస్తుంది.

తొట్టెలో రాగి దాగే చోట్లు

సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 మధ్య ఉంటుంది. కార్బొనేట్, బైకార్బొనేట్ అయాన్లు సమృద్ధిగా ఉంటాయి. అలాంటి నీటిలో మైలుతుత్తం ద్రావణం పోస్తే రాగి అయాన్లలో అధికభాగం కార్బొనేట్‌తో కలిసి సంక్లిష్టాలుగా మారుతుంది. కొంత క్షార కాపర్ కార్బొనేట్‌గా అవక్షేపం చెందుతుంది. కొంత దొరికిన ఉపరితలానికల్లా అంటుకుంటుంది. కాల్షియం కార్బొనేట్ అయితే మరీ ఎక్కువ. పగడపు ఇసుక, సజీవ శిల అనేవి ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. చికిత్సా తొట్టెలో వాటిని ఉంచకపోవడానికి కారణం ఇదే. మందు వేసిన మరునాటికే అవి గణనీయమైన భాగాన్ని మింగేస్తాయి, మళ్లీ మోతాదు వేయాలి, అదీ మింగేస్తాయి. మింగింది శాశ్వతంగా అక్కడే ఉండిపోదు. చేపల శ్వాసక్రియ, వ్యర్థాల కుళ్లు వల్ల పీహెచ్ తగ్గినప్పుడు ఆ రాగిలో కొంత నీటిలోకి తిరిగి వస్తుంది.

ఇసుక, రాళ్లు లేని తొట్టెలోనూ ఇలాంటి నిల్వలు ఉంటాయి. గాజు మీద నీటిమట్టం దగ్గర కట్టే తెల్లటి సున్నపు పొర, హీటరు మీది పెచ్చు, స్పాంజిలోని జీవపొర, అడుగున చేరిన మలం, తినని మేత ఇవన్నీ రాగిని పట్టుకుంటాయి. తొట్టె మూలల్లో గాజును అతికించే సిలికాన్ రాగిని పీల్చుకుంటుందనే నమ్మకం పెంపకందారుల్లో బలంగా ఉంది. సిలికాన్ రబ్బరు నీటిని వికర్షించే పదార్థం, లోహ అయాన్లకు దానిలో పెద్దగా చోటు లేదు. సిలికాన్ మీద, దాని అంచుల సందుల్లో పేరుకునే జీవపొర, సున్నపు పొర అసలు దోషులని భావించడం రసాయనశాస్త్రానికి దగ్గరగా ఉంటుంది. ఈ తేడా వాదన కోసం కాదు. సిలికాన్ దోషి అయితే తొట్టెను పారేయాలి, పొర దోషి అయితే కడిగితే చాలు.

మందు రకాన్ని బట్టి ఈ పంపకం మారుతుంది. అయాను రూపంలోని రాగి నీటిలో నిలవదు, ఉపరితలాలకు చేరిపోతుంది. అందుకే దాన్ని రోజూ కొలిచి రోజూ కలపాలి. చిలేట్ చేసిన రాగి నీటిలోనే స్థిరంగా ఉంటుంది, గోడల మీదికి చేరేది తక్కువ. తొలగింపు దశలో దీని ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. చిలేట్ రాగి గాఢత ఎక్కువైనా లెక్కకు లొంగుతుంది. అయాను రాగి గాఢత తక్కువైనా లెక్క తప్పిస్తుంది.

నీటి మార్పిడి లెక్క

ఎనభై లీటర్ల తొట్టెలో లీటరుకు 2.0 మిల్లీగ్రాముల చిలేట్ రాగి ఉందనుకుందాం. మొత్తం రాగి 160 మిల్లీగ్రాములు. మైలుతుత్తం బరువులో నాలుగోవంతుకు కాస్త ఎక్కువ రాగి ఉంటుంది కనుక, ఇది సుమారు 0.63 గ్రాముల స్ఫటికానికి సమానం. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు కూడా కాదు.

సగం నీరు తీసి కొత్త ఉప్పునీరు పోసిన ప్రతిసారీ గాఢత సగమవుతుంది. 1.0, 0.5, 0.25, 0.125, 0.0625, 0.031 ఇలా గుణశ్రేఢిలో దిగుతుంది. ఆరు మార్పిడులకు 0.031 మిల్లీగ్రాములకు చేరుతాం, ఖర్చయ్యే కొత్త నీరు 240 లీటర్లు. ముప్పావు వంతు చొప్పున మారిస్తే మూడుసార్లకే అదే 0.031 వస్తుంది, నీరు 180 లీటర్లు. పావు వంతు చొప్పున మారిస్తే ఆ స్థాయి కిందికి దిగడానికి పదిహేను మార్పిడులు, 300 లీటర్లు కావాలి. ఒకవైపు నుంచి కొత్త నీరు సన్నగా పోస్తూ మరోవైపు నుంచి వదిలేస్తే సుమారు 333 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల లెక్కన చూస్తే సముద్రపు ఉప్పు మిశ్రమం ఒక పద్ధతిలో ఆరు కిలోలు, మరో పద్ధతిలో పదకొండు కిలోలకు పైగా అవుతుంది. మంచి మిశ్రమాలు ఖరీదైనవి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

లెక్క పెద్ద మార్పిడులవైపే మొగ్గు చూపుతుంది. చేప మాత్రం అందుకు ఒప్పుకోకపోవచ్చు. ముప్పావు వంతు నీరు ఒక్కసారిగా మారినప్పుడు లవణీయత, ఉష్ణోగ్రత, పీహెచ్ మూడూ పాత నీటితో సరిపోలకపోతే, వారాల చికిత్సకు బలహీనపడిన చేప తట్టుకోలేదు. కొత్త నీటిని ముందురోజే కలిపి, గాలి ఆడించి, అదే ఉష్ణోగ్రతకు తెచ్చి, విశిష్ట సాంద్రతలో 0.001కి మించి తేడా లేకుండా సరిచూసి వాడితే సగం చొప్పున రోజు విడిచి రోజు మార్చడం చాలా చేపలకు ఇబ్బంది కలిగించదు. ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోసి మట్టం సరిచేసిన తరువాతే నీరు తీయాలి. రాగి ఆవిరి కాదు కనుక, మట్టం తగ్గిన తొట్టెలో దాని గాఢత పెరిగి ఉంటుంది, లెక్క మొదట్లోనే తప్పుతుంది. కొత్త నీటిని రివర్స్ ఆస్మాసిస్ ద్వారా శుద్ధి చేసినదిగా తీసుకోవడం మంచిది. రాగి బిందెలో నిలవ ఉంచిన నీరు ఒంటికి మంచిదని మన ఇళ్లలో నమ్మకం. ఆ బిందె, ఆ చెంబు మాత్రం ఈ పనికి పనికిరావు.

అయాను రాగి వాడిన తొట్టెలో ఇదే లెక్క వేస్తే కాగితం మీది అంకె ఒకటి, కొలతలో వచ్చేది మరొకటి అవుతుంది. మార్పిడి అయిన వెంటనే కొలిస్తే గాఢత అనుకున్నంత తగ్గి ఉంటుంది. మరునాడు కొలిస్తే కొంత పెరిగి ఉండవచ్చు. నీటిలో రాగి తగ్గినప్పుడు ఉపరితలాల మీది నిల్వ సమతాస్థితి కోసం నీటిలోకి విడుదలవుతుంది. ఈ పెరుగుదలను కొలతలో దోషంగా కొట్టిపారేయకూడదు. గోడల మీద ఇంకెంత రాగి ఉందో చెప్పే ఏకైక సూచన అదే. అందువల్ల ప్రతి మార్పిడికీ రెండు కొలతలు తీసుకోవడం అవసరం: పని ముగిశాక ఒకటి, 24 గంటల తరువాత ఒకటి. రెండింటి మధ్య తేడా మాయమైనప్పుడే నీటి కొలత తొట్టె మొత్తానికి ప్రాతినిధ్యం వహిస్తుంది.

రెండో తొట్టె ఏర్పాటు చేసుకోగలిగితే ఈ శ్రమలో చాలాభాగం అక్కరలేదు. నీటిలోంచి రాగిని తీసే బదులు రాగిలోంచి చేపను తీయవచ్చు. ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ టబ్బు ఒకటి, కొత్త స్పాంజి, కొత్త హీటరు, 80 లీటర్ల కొత్త ఉప్పునీరు ఉంటే చాలు. పాత తొట్టెలో ఎక్కడో అంటుకుని మిగిలిన కోశం ఉన్నా అది వెనకబడిపోతుంది. చికిత్స మధ్యలో చేప మొప్పలు వేగంగా ఆడిస్తూ, మేత మాని, పక్కకు ఒరిగితే ఏ రెసిన్ కోసమూ ఎదురుచూడక చేయవలసింది కూడా ఇదే. ఒక్క తొట్టెలోనే పని ముగించాలనే పట్టుదలకు నా దృష్టిలో శాస్త్రీయ కారణం ఏదీ లేదు, చోటు కొరత తప్ప.

బొగ్గు, రెసిన్

ఒక్క తొట్టె మాత్రమే ఉన్నవారికి నీటి మార్పిడికి తోడుగా అధిశోషకాలు ఉపయోగపడతాయి. ఉత్తేజిత బొగ్గు ప్రధానంగా సేంద్రియ అణువులను పట్టుకుంటుంది. చిలేట్ చేసిన రాగిలో లోహం సేంద్రియ అణువు కౌగిలిలో ఉంటుంది కనుక బొగ్గు ఆ జంటను మొత్తంగా పట్టగలదు. ఉత్త రాగి అయాన్ల మీద దాని పట్టు బలహీనం. ఉప్పునీటిలో ఇతర అయాన్ల పోటీ ఆ పట్టును ఇంకా తగ్గిస్తుంది. కాబట్టి ‘బొగ్గు రాగిని తీస్తుందా’ అనే ప్రశ్నకు మందు పేరు తెలియకుండా సమాధానం చెప్పలేం. తీసినా, బొగ్గు సామర్థ్యం త్వరగా నిండిపోతుంది, కొన్ని రోజులకొకసారి మార్చాలి. చికిత్స నడుస్తున్నప్పుడు ఫిల్టరులో బొగ్గు ఉండకూడదనే నియమం కూడా ఇందులోంచి వచ్చిందే.

సాధారణ కాటయాన్ వినిమయ రెసిన్ సముద్రపు నీటిలో ఎందుకు పనికిరాదో చూస్తే చిలేటింగ్ రెసిన్ విలువ తెలుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సోడియం 10.8 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు ఉంటాయి. రాగి 2 మిల్లీగ్రాములు. బరువులో సోడియం ఒక్కటే రాగికి 5,400 రెట్లు. ఆవేశాన్ని మాత్రమే చూసి పట్టుకునే రెసిన్‌కు ఆ గుంపులో రాగి కనిపించే అవకాశం లేదు. ఇమినోడైఎసిటేట్ వంటి సమూహాలు గల చిలేటింగ్ రెసిన్ అలా కాదు. దాని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు లోహాన్ని పంజాలా చుట్టుకుంటాయి, ఆ పట్టులో రాగికి కాల్షియం కన్నా ఎంతో ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది. 1968లో రైలీ, టేలర్ ఈ గుణాన్నే ఆధారం చేసుకుని, సముద్రపు నీటిలో లేశమాత్రంగా ఉండే లోహాలను విశ్లేషణ కోసం రెసిన్ మీద కూడగట్టే పద్ధతిని ప్రచురించారు. సముద్రాన్ని కొలవడానికి పుట్టిన ఉపాయం అక్వేరియాన్ని శుభ్రం చేయడానికీ అక్కరకొచ్చింది. కుప్రిసోర్బ్ పేరుతో దొరికే రెసిన్ ఈ కోవకు చెందినది. పాలీఫిల్టర్ అనే తెల్లని మెత్త కూడా రాగిని పట్టి నీలిరంగుకు మారుతుంది, ఆ రంగు పెంపకందారుకు ఒక సాక్ష్యంలా ఉపయోగపడుతుంది.

రెసిన్‌కు ఉన్న పెద్ద ప్రయోజనం వేగం కాదు, ఓపిక. గోడల మీది నిల్వ మెల్లగా విడుదలవుతున్నంత కాలం అది నీటిలో ఉండి, వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకుంటుంది. నీటి మార్పిడి చేయలేని పని అదే. అయితే మందులోని చిలేట్ బలమైనదైతే రెసిన్ దానితో పోటీపడి రాగిని లాక్కోవాలి, అందుకు ఎక్కువ సమయం పడుతుంది. అందువల్ల చిలేట్ మందుకు ముందు పెద్ద నీటి మార్పిడులు, బొగ్గు, చివరన రెసిన్ అనే క్రమం సమంజసం. అయాను మందుకు మొదటి రోజు నుంచే రెసిన్ ఉంచడం మేలు.

వికటించే ఉపాయాలు

నీటి మార్పిడి చేసేటప్పుడు కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి, అమ్మోనియా బంధింపబడటానికి కండిషనర్లు కలపడం చాలామందికి అలవాటు. వీటిలో అనేకం క్షయకరణులు. రెండు ఆవేశాల రాగిని అవి ఒక ఆవేశం గల రాగిగా మార్చగలవు, అది చేపకు మరింత విషపూరితం. అమైన్‌తో బంధించిన రాగి మందుల తయారీదారులు కండిషనర్‌తో కలపవద్దని హెచ్చరించేది ఇందుకే. విచిత్రమేమంటే, రాగిని తీయడానికి చేసే పనిలోనే ఈ ప్రమాదం పొంచి ఉంది. తొట్టెలో ఇంకా మోతాదు రాగి ఉన్న తొలి మార్పిడులకు క్లోరిన్ లేని శుద్ధజలం వాడితే కండిషనర్ అవసరమే రాదు.

ఈడీటీఏ వేస్తే రాగి బంధింపబడి విషత్వం తగ్గవచ్చు గాని, రాగి తొట్టెలోనే ఉంటుంది. దాన్ని తొలగింపు అనకూడదు. చేపలు ఉండగా పీహెచ్ తగ్గించి గోడల మీది రాగిని కరిగించాలనుకోవడం అంతకన్నా ప్రమాదకరం, స్వేచ్ఛా అయాన్ల గాఢత ఒక్కసారిగా పెరుగుతుంది. నత్రీకరణ బాక్టీరియా రాగి వల్ల కొంత అణగి ఉంటుంది కనుక, తొలగింపు రోజుల్లో అమ్మోనియాను కొలుస్తూ ఉండటం మరవకూడదు.

ఎవరి సున్నా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో రాగికి సూచించిన మార్గదర్శక విలువ లీటరుకు 2 మిల్లీగ్రాములు. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వాంఛనీయ పరిమితిని 0.05గా, ప్రత్యామ్నాయ జలవనరు లేనప్పుడు 1.5గా పేర్కొంటుంది. సముద్ర జలచరాల రక్షణ కోసం అమెరికా పర్యావరణ సంస్థ నిర్ణయించిన దీర్ఘకాలిక ప్రమాణం 3.1 మైక్రోగ్రాములు, అంటే 0.0031 మిల్లీగ్రాములు. స్వల్పకాలిక ప్రమాణం 4.8 మైక్రోగ్రాములు. బహిరంగ సముద్రంలో సహజంగా ఉండే రాగి అర మైక్రోగ్రాము కూడా ఉండదు. మనిషి తాగవచ్చునన్న స్థాయికీ ఆల్చిప్ప డింభకం బతికే స్థాయికీ మధ్య 600 రెట్లకు పైగా అంతరం ఉంది.

ఇంట్లో వాడే రంగు కిట్లలో సున్నా తరువాత మొదటి మెట్టు 0.25గా ఉన్నవి ఉన్నాయి. ఆ మెట్టు అమెరికా దీర్ఘకాలిక ప్రమాణానికి 80 రెట్లు. అలాంటి కిట్‌లో రంగు రాలేదంటే రాగి లేదని అర్థం కాదు, కిట్‌కు చూపు ఆనలేదని అర్థం. కొన్ని కిట్లు స్వేచ్ఛా రాగిని మాత్రమే సరిగా పట్టి, చిలేట్ రాగిని తక్కువగా చూపుతాయి కూడా. చికిత్స సాగుతున్నప్పుడు వాడిన కిట్ తొలగింపును ధ్రువీకరించడానికి చాలకపోవడానికి కారణం ఇదే. లీటరుకు మైక్రోగ్రాముల్లో చదివే వర్ణమాపకం గాని, ఐసీపీ పద్ధతిలో ప్రయోగశాల విశ్లేషణ గాని కావాలి. కళాశాల రసాయనశాస్త్ర విభాగంలో అటామిక్ అబ్సార్ప్షన్ పరికరం ఉంటే, ఉప్పు ప్రభావాన్ని సరిచేసుకుని, ఇది స్నాతకోత్తర విద్యార్థులకు చక్కని ప్రాజెక్టు అవుతుంది.

అన్నిచోట్లా ఈ కఠినమైన సున్నా అవసరం లేదు. తొట్టెలో మళ్లీ చేపలే ఉంటాయనుకుంటే 0.03 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోవచ్చు. పరాన్నజీవిని అణచడానికి అది చాలదు కనుక పరిశీలనకు అడ్డురాదు, చేపకు హాని తక్కువ. అదే తొట్టెలో రొయ్యనో పగడాన్నో పెట్టదలచుకుంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. 2.0 నుంచి 0.003 కిందికి రావడానికి సగం చొప్పున పది మార్పిడులు, 400 లీటర్లు కావాలి. అదీ గోడలు ఏమీ విడుదల చేయవనుకుంటేనే. మొదట వేసిన 160 మిల్లీగ్రాముల్లో ఒకే ఒక్క మిల్లీగ్రాము సున్నపు పొరలో మిగిలి తరువాత కరిగితే, ఎనభై లీటర్లలో అది 12.5 మైక్రోగ్రాములవుతుంది. దీర్ఘకాలిక ప్రమాణానికి నాలుగు రెట్లు. ఒక నత్తను వదిలి చూద్దామనే సలహా తరచూ వినిపిస్తుంది. నత్త చనిపోతే రాగి ఉందని కచ్చితంగా చెప్పలేం, బతికితే లేదనీ చెప్పలేం. జీవిని కిట్‌గా వాడటం సరికాదనే మాట అటుంచినా, కొలతగా అది నాసిరకం.

ఖాళీ తొట్టె, తీసిన రాగి

చేపలు వెళ్లిపోయాక పీహెచ్ తగ్గించడం తప్పు కాదు, అవసరం. సున్నపు పొరను వెనిగర్‌తో గాని, బాగా పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గాని కరిగించి, మూలల్లోని జీవపొరను బ్రష్‌తో గీరి, మంచినీటితో పలుమార్లు కడిగి ఆరబెట్టాలి. బ్లీచింగ్ ద్రవం వాడితే అది వేరే రోజు, వేరే నీటితో. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. స్పాంజి, పింగాణీ రింగులు, పొరపాటున ఉంచిన రాయి వంటి రంధ్రాలున్న వస్తువులను శుభ్రం చేయడానికి ప్రయత్నించడం వృథా. వాటిని రాగి చికిత్సలకే ప్రత్యేకించాలి లేదా పారేయాలి. తరువాత కొత్త ఉప్పునీరు నింపి, రెసిన్ లేకుండా వారం రోజులు ఆడించి, ఆ నీటిని విశ్లేషణకు పంపాలి. రెసిన్ ఉంచి కొలిస్తే గోడలు విడుదల చేసేదాన్ని అది దాచేస్తుంది.

బకెట్లలోకి చేరిన రాగి సంగతి మిగిలింది. పర్యావరణ పరిరక్షణ నియమావళి, 1986లోని సాధారణ ప్రమాణాల ప్రకారం జలవనరుల్లోకి, మురుగుకాల్వల్లోకి, తీర సముద్రంలోకి వదిలే వ్యర్థజలంలో రాగి 3.0 మిల్లీగ్రాములు మించకూడదు. మన తొట్టెలోని 2.0 ఆ హద్దుకు లోబడే ఉంది. అయితే ఆ నియమం పరిశ్రమను ఉద్దేశించినది, పారబోసే చోట నీరు పలుచబడుతుందనే ఊహ దాని వెనుక ఉంది. వీధి కాలువ నేరుగా చెరువులోకో ఉప్పుటేరులోకో కలిసే ఊళ్లలో, ముఖ్యంగా రొయ్యల హేచరీలు సముద్రం నీరు తోడుకునే కోస్తా తీరంలో, ఆ ఊహ మీద ఆధారపడకపోవడం మంచిది. తీసిన నీటిని డ్రమ్ములో ఉంచి రెండు మూడు రోజులు బొగ్గు, రెసిన్ మీదుగా తిప్పి, తరువాతే మురుగుశుద్ధి కేంద్రానికి చేరే కాల్వలో పోయాలి. నిండిన బొగ్గును మూట కట్టి ఘనవ్యర్థాల్లో వేయాలి. రెసిన్‌ను పలుచని ఆమ్లంలో నానబెట్టి పునరుద్ధరిస్తే, పట్టిన రాగి అంతా ఆ కొద్దిపాటి ఆమ్లంలోకి దిగుతుంది. దానిలో బుడగలు ఆగేదాకా చాకలిసోడా కలిపి, ఇంకొంచెం చేర్చితే నీలాకుపచ్చ ముద్ద అడుగున చేరుతుంది. తేరిన నీటిని ఒకసారి కొలిచి, ముద్దను వడగట్టి, ఆరబెట్టి, సీసాలో పెట్టి, పైన ‘రాగి కార్బొనేట్’ అని రాసి కళాశాల ప్రయోగశాలలోని భారలోహ వ్యర్థాల డబ్బాకు అప్పగించాలి.